పేరు నిలిచిన సంస్థ, పేరు మారిన సంస్థ: హైదరాబాదులో రెండు చిన్న ప్రయత్నాల చరిత్ర (1901–1943)

తెలంగాణ ఆధునిక సాహిత్య వికాసాన్ని చర్చించిన రచనలు ఎక్కువగా 1901 సెప్టెంబరు 1వ తేదీతో మొదలవుతాయి. ఆ రోజు హైదరాబాదులో రావిచెట్టు రంగారావు స్వగృహంలో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం ఏర్పడింది. ఆ తరువాత వచ్చిన విజ్ఞానచంద్రికా గ్రంథమండలి, ఆంధ్ర జనసంఘం, ఆంధ్ర మహాసభ, ఆంధ్ర సారస్వత పరిషత్తు ఆ బీజం నుంచే మొలిచిన కొమ్మలని చెప్పడం పరిపాటి. ఈ కథనానికి గట్టి పునాది వేసినవారు మాడపాటి హనుమంతరావు. ఆయన 'తెలంగాణా ఆంధ్రోద్యమము' ఉద్యమాన్ని లోపలి నుంచి చూసిన వ్యక్తి రాసిన చరిత్ర. అందువల్ల దానికి సాక్ష్యవిలువ ఎక్కువ. అందువల్లనే దాని చూపుకు ఒక హద్దు కూడా ఉంది. ఉద్యమం ఎక్కడికి చేరిందో తెలిసిన తరువాత, అక్కడికి దారితీసిన సంగతులనే అది వరుసగా పేర్చింది.

బీజవృక్ష న్యాయం వినడానికి సొంపుగా ఉంటుంది. చరిత్ర రచనలో దానికి రెండు లోపాలున్నాయి. మొదటిది, చెట్టు కావడం బీజంలోనే ఉందని అది ముందే ఒప్పుకుంటుంది. చందా వసూలు చేసినవారి, పుస్తకాల పట్టిక రాసినవారి, అద్దె కట్టినవారి శ్రమకు అప్పుడు పెద్దగా చోటుండదు. రెండవది, అదే నేలలో అదే కాలంలో పడిన ఇతర విత్తనాల మీదికి దృష్టి పోనివ్వదు. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి పుట్టిన 1906లోనే, అదే హైదరాబాదులో, భాగ్యరెడ్డివర్మ జగన్మిత్ర మండలిని స్థాపించారు. మొదటి సంస్థ సాహిత్య చరిత్రలో ఉంటుంది, రెండవది 'సంఘసంస్కరణ' అధ్యాయంలో ఉంటుంది. ఈ విభజన ఎంతవరకు సమంజసమో చూడాలంటే రెండు ప్రయత్నాలూ ఎదిగిన తీరును పక్కపక్కన పెట్టి పరిశీలించవలసి ఉంది.

రంగారావు ఇల్లు

భాషానిలయ స్థాపకులలో ప్రముఖులు మునగాల జమీందారు నాయని వెంకటరంగారావు, ఆయన సంస్థానంలో దివానుగా పనిచేసిన కొమర్రాజు వేంకట లక్ష్మణరావు, రావిచెట్టు రంగారావు. ఆదిపూడి సోమనాథరావు, మైలవరపు నరసింహశాస్త్రి వంటి పండితులు వారికి తోడయ్యారు. ఇక్కడ మునగాల భౌగోళిక స్థితిని గమనించాలి. ఆ పరగణా పరిపాలనరీత్యా మద్రాసు రాజధానిలోని కృష్ణా జిల్లాకు చెందినది. దాని చుట్టూ ఉన్నది నిజాం రాజ్యం. బ్రిటిషు ఇండియాలోని పత్రికలూ పుస్తకాలూ సభల అలవాట్లూ ఒక ప్రక్క, హైదరాబాదుతో నిత్య వ్యవహారం మరొక ప్రక్క ఉన్న జమీందారీ అది. రెండు పాలనల నడుమ రాకపోకలు అక్కడివారికి దినచర్య.

లక్ష్మణరావుకు అప్పటికి ఇరవై నాలుగేళ్లు. ఆయన చదువు నాగపూరులో, అక్క భండారు అచ్చమాంబ, బావ మాధవరావుల సంరక్షణలో సాగింది. మరాఠీలో వ్యాసాలు రాయగల పట్టు ఆయనకు ఉండేది. సొంత భాషలో గ్రంథాలయాలు, పత్రికలు, చరిత్ర పరిశోధన సాగించుకుంటున్న మరాఠీ విద్యావంతుల లోకాన్ని ఆయన దగ్గరగా చూశారు. కనుక భాషానిలయం హైదరాబాదు నేలలో దానంతట అది మొలిచిందనడం కంటే నాగపూరు అనుభవం, మునగాల ధనసహాయం, హైదరాబాదులోని ఒక గృహస్థు ఇల్లు ఒకచోట కలిశాయనడం వాస్తవానికి దగ్గరగా ఉంటుంది. ఈ మూడింటిలో చరిత్రకారులు తక్కువ పట్టించుకున్నది ఇల్లు. చిన్న సంస్థకు మొదటి సంవత్సరాలలో కావలసింది ఆశయ ప్రకటన కంటే ముందు తలుపు తాళంచెవి ఉన్న మనిషి. రంగారావు ఆ మనిషి. అద్దె లేని చోటు, సాయంత్రం దీపం, వచ్చినవారిని కూర్చోబెట్టే ఓపిక ఇచ్చిన గృహస్థుకు చరిత్రలో దక్కుతున్నది తరచు ఒక్క వాక్యం.

గ్రంథాలయమే ఎందుకు అన్నదానికి సమాధానం ఆనాటి పాలనలో ఉంది. 1880ల్లో పారశీకం స్థానంలో ఉర్దూ అధికారభాష అయింది. రాజ్య జనాభాలో దాదాపు సగం మంది తెలుగువారైనా పై చదువులు, కచేరీ వ్యవహారం ఉర్దూలో సాగేవి. సభలూ ఉపన్యాసాలూ అధికారుల కంట్లో పడేవి. 1920ల చివరికి గస్తీ నిషాన్ 53 పేరుతో సభలకు ముందస్తు అనుమతి నిబంధన కూడా వచ్చింది. పుస్తకం చదువుకోవడం సభ కాదు. భాషానిలయం తరువాత స్థిరపడిన సుల్తాన్ బజార్ రెసిడెన్సీ బజార్లలో భాగం. 1933లో నిజాం ప్రభుత్వానికి తిరిగి అప్పగించేవరకు అది బ్రిటిషు రెసిడెంటు పాలనలో ఉండేది. వీధి ఎంపిక కూడా ఒక సంస్థ ఆయుర్దాయాన్ని నిర్ణయించగలదు.

స్థాపకుడు పోయిన తరువాత

1910లో రావిచెట్టు రంగారావు మరణించారు. ఇంట్లో నడిచే సంస్థకు ఇంటి యజమాని మరణం కంటే పెద్ద పరీక్ష ఉండదు. ఆ ఏడే భాషానిలయానికి సొంత భవనం సమకూరింది. అందుకు రంగారావు భార్య లక్ష్మీనరసమ్మ విరాళమిచ్చారు. ఒకరి ఆతిథ్యం మీద ఆధారపడిన సంస్థ ఆ ఏడాదితో సంఘం ఆస్తి అయింది. భాషానిలయ చరిత్రలో 1901 కంటే 1910 ముఖ్యమైన సంవత్సరమన్నా అతిశయోక్తి కాదు. స్థాపనదినోత్సవాలు మాత్రం ఎప్పుడూ మొదటిదానికే జరుగుతాయి.

దీనికి ఎదురుగా నిలిచే ఉదాహరణ అదే లక్ష్మణరావు చేపట్టిన 'ఆంధ్ర విజ్ఞాన సర్వస్వము'. విజ్ఞానచంద్రికా గ్రంథమండలి 1906లో హైదరాబాదులోనే మొదలైంది. 1907లో గాడిచర్ల హరిసర్వోత్తమరావు రాసిన అబ్రహాం లింకన్ చరిత్రను తొలి ప్రచురణగా తెచ్చి, 1908లో మద్రాసుకు తరలిపోయింది. చందాదారుల అండతో శాస్త్రగ్రంథాలు, చరిత్రలు, నవలలు వెలువరించింది. చిలుకూరి వీరభద్రరావు 'ఆంధ్రుల చరిత్రము' తొలిభాగం 1910లో వచ్చింది. ఒక పుస్తకం అమ్మకం మీద తరువాతి పుస్తకం ఆధారపడే ఈ పద్ధతిలో పని ఒకరి చేతినుంచి మరొకరి చేతికి పోగలదు. విజ్ఞాన సర్వస్వం అటువంటిది కాదు. వ్యాసాల ఎంపిక, పరిభాష, పరిష్కరణ, చివరకు చాలా వ్యాసాల రచన సైతం లక్ష్మణరావు మీదనే పడింది. మూడు సంపుటాలు వచ్చాక పని కుంటుపడింది. 1923లో ఆయన మరణంతో ఆగిపోయింది. కాశీనాథుని నాగేశ్వరరావు దానిని తిరిగి చేపట్టారు. 1938లో ఆయన మరణించాక అదీ ఆగింది. ఒకే గ్రంథం ఇద్దరు మహానుభావుల మరణాలతో రెండుసార్లు ఆగడం యాదృచ్ఛికం కాదు. పని పరిమాణానికి తగిన సంఘం ఏర్పడకముందే పని పెరిగిందనడానికి అది నిదర్శనం. లక్ష్మణరావు పాండిత్యం మీద ఎంత గౌరవమున్నా, సంస్థా నిర్మాణంలో ఆయన మిత్రుడు రంగారావు ఇల్లే ఎక్కువ కాలం నిలిచిందని ఒప్పుకోక తప్పదు.

భాషానిలయం ఎదిగిన తీరులో ఇంకొక విశేషముంది. అది తనలో తాను పెద్దది కాలేదు. చేయవలసిన కొత్త పని ఎదురైనప్పుడల్లా దానికొక వేరు సంస్థ ఏర్పడింది. పుస్తకాలు అచ్చువేయడానికి గ్రంథమండలి వచ్చింది. జిల్లాల్లో చదువరులకు 1904లో హనుమకొండలో రాజరాజనరేంద్రాంధ్ర భాషానిలయం, మరుసటి ఏడు సికింద్రాబాదులో ఆంధ్ర సంవర్ధని వెలిశాయి. 1921 నవంబరులో వివేకవర్ధనిలో జరిగిన సంఘసంస్కార సభలో ఆలంపల్లి వెంకటరామారావు తెలుగులో మాట్లాడబోగా సభికులు గేలిచేశారు. ఆ అవమానం ఆంధ్ర జనసంఘం పుట్టుకకు దారితీసింది. శాసనాల సేకరణకు పరిశోధక మండలి ఏర్పడి, లక్ష్మణరావు పేరు పెట్టుకొని, ఆదిరాజు వీరభద్రరావు నిర్వహణలో 1935లో 'తెలంగాణా శాసనములు' ప్రచురించింది. ఇవేవీ భాషానిలయం 'శాఖలు' కావు. వేటి నియమాలు వాటివి, వేటి లెక్కలు వాటివి. ఒకే మనుషులు సాయంత్రానికి రెండు మూడు సంఘాల కార్యదర్శులుగా కనిపిస్తారు, అంతే. మాతృసంస్థ చిన్నదిగా మిగలడమే దాని ఆయుష్షుకు కారణమైంది. రాజకీయ సంఘం మీద ఆంక్ష వచ్చినా పుస్తకాల బీరువా తెరిచే ఉండగలిగింది.

ఇంతటి వెసులుబాటు అందరికీ లేదు. 1922లో ఒద్దిరాజు సీతారామచంద్రరావు, రాఘవరంగారావు సోదరులు ఇనుగుర్తి వంటి పల్లెలో ముద్రణాలయం పెట్టి 'తెనుగు' పత్రికను నడిపారు. రాత, కూర్పు, అచ్చు వరకు ఆ ఇద్దరే. పట్టుమని పదేళ్లు నడవకపోయినా దాని ప్రాముఖ్యాన్ని సాహిత్య చరిత్ర గుర్తించింది. ఎందుకంటే అచ్చయిన కాగితం మిగిలింది.

జగన్మిత్ర మండలి

భాగ్యరెడ్డివర్మ (1888–1939) జగన్మిత్ర మండలిని స్థాపించేనాటికి ఆయనకు పద్దెనిమిదేళ్లు. మాల కుటుంబంలో పుట్టిన ఆయన తన వాడల్లోని జనంతో మాట్లాడడానికి ఎంచుకున్న ప్రక్రియ హరికథ. ఈ ఎంపికను సాహిత్య విద్యార్థులు లోతుగా చూడవలసి ఉంది. గ్రంథాలయానికి రావాలంటే ముందు అక్షరం రావాలి, ఆపైన ఆ గడప తొక్కే సామాజిక అనుమతి ఉండాలి. రెండూ లేనివారి దగ్గరికి సాహిత్యమే నడిచిపోవాలి. హరికథకు బీరువా అక్కరలేదు, భవనం అక్కరలేదు. కథకుడూ వినేవారూ రాత్రి కాసేపు తీరికా చాలు. కథ నడుమ పిట్టకథ చెప్పుకొనే వెసులుబాటు ఆ ప్రక్రియలోనే ఉంది. తాగుడు, బాల్యవివాహాలు, పిల్లలను దేవతకు జోగినులుగా విడవడం వంటి విషయాలను వింటున్నవారి నొచ్చుకోలు లేకుండా ఎత్తుకోవడానికి ఆ చోటు సరిపోతుంది. సుల్తాన్ బజార్ వర్గం అచ్చు పుస్తకాన్ని ఎన్నుకున్నట్లే, జగన్మిత్ర మండలి తన శ్రోతలకు తగిన సాహిత్య రూపాన్ని ఎన్నుకుంది. ఒకదానిని సాహిత్య కృషి అనీ మరొకదానిని ప్రచార కార్యక్రమమనీ పిలవడానికి ప్రక్రియాపరమైన కారణమేదీ లేదు.

వినడం నుంచి చదవడానికి మండలి 1910లో అడుగువేసింది. ఇసామియా బజార్‌లో తెలుగు మాధ్యమంతో ఒక పాఠశాల తెరిచింది. రాజ్యంలో చదువంటే ఉర్దూ అయిన రోజుల్లో, చదువే నిషిద్ధమైన పిల్లలకు మాతృభాషలో అక్షరాలు దిద్దించిన బడి అది. క్రమంగా మరికొన్ని పాఠశాలలు వచ్చాయి. తరువాతి కాలంలో అవి ప్రభుత్వ విద్యాశాఖ పరిధిలోకి వెళ్లాయి. భాషానిలయానికి సొంత ఇల్లు ఏర్పడిన ఏడూ, ఈ బడి మొదలైన ఏడూ ఒకటే. ఇసామియా బజార్ నుంచి సుల్తాన్ బజార్‌కు నడిచి పోగల దూరమే.

1911లో జగన్మిత్ర మండలి 'మాన్య సంఘం' అయింది. 1922లో ఆది హిందూ సామాజిక సేవా సంఘంగా మారింది. నడుమ 1917లో విజయవాడలో పంచమ మహాసభగా పిలిచిన సభకు భాగ్యరెడ్డివర్మ అధ్యక్షత వహించి, 'పంచమ' అన్న మాటనే తిరస్కరించారు. ఆ సభ ఆది ఆంధ్ర మహాజన సభ అయింది. ఈ పేర్ల మార్పు నిలకడలేమి కాదు. 'జగన్మిత్ర' లోకమంతటితో స్నేహం కోరుతున్నది. 'మాన్య' గౌరవాన్ని కోరుతున్నది. 'ఆది' తాము ఈ నేలకు తొలివారమని ప్రకటిస్తున్నది. పదహారేళ్లలో ఒక సమూహం ఇతరులను చూసే చూపు, తమను తాము చూసుకునే చూపు ఎంతగా మారాయో ఈ మూడు పదాలు చెబుతాయి. వేరెవరో పెట్టిన పేరుతో పిలవబడుతున్నవారికి ఎదుగుదలలో మొదటి మెట్టు పేరు మార్చుకోవడమే. కృష్ణదేవరాయల పేరు పెట్టుకున్న సంస్థకు ఆ అగత్యం కలగలేదు. పెద్దరికం దానికి పేరులోనే వచ్చింది.

చరిత్ర రచనకు వచ్చేసరికి ఈ తేడా విచిత్రమైన ఫలితాన్నిచ్చింది. పేరు మారని సంస్థ శతాబ్దాన్ని దాటిన అఖండ పరంపరగా కనిపిస్తుంది. పేరు మారిన సంస్థ గ్రంథసూచికలో మూడు చోట్ల, మూడు స్వల్పాయుష్క సంఘాలుగా చెదిరిపోతుంది. సూచికలు అకారాది క్రమంలో ఉంటాయి. జగన్మిత్ర, మాన్య, ఆది హిందూ ఒకదానికొకటి దగ్గరలో పడవు. పి.ఆర్. వెంకటస్వామి 1955లో ఇంగ్లీషులో రాసిన దళితోద్యమ చరిత్ర ఈ కొనసాగింపును స్పష్టంగా చూపింది. అది ఇంగ్లీషులో ఉండడం, సాహిత్య గ్రంథం కాకపోవడం వల్ల తెలుగు సాహిత్య చరిత్రకారుల ఉపయుక్త గ్రంథాల పట్టికలకు తరచు బయటే ఉండిపోయింది.

పేరు మారితే పరంపర తెగుతుందన్న నియమాన్ని ఇతర సంస్థల విషయంలో ఎవరూ పాటించలేదు. ఆంధ్ర జనసంఘం 1930లో జోగిపేటలో సురవరం ప్రతాపరెడ్డి అధ్యక్షతన ఆంధ్ర మహాసభగా అవతరించినప్పుడు దానిని అందరూ వికాసమనే అన్నారు. 1943 మే 26న రెడ్డి హాస్టలులో ఏర్పడినది నిజాం రాష్ట్ర ఆంధ్ర సారస్వత పరిషత్తు; అది ఆంధ్ర సారస్వత పరిషత్తు అయింది, నేడు తెలంగాణ సారస్వత పరిషత్తు. మూడు పేర్లూ ఒకే సంస్థవని ప్రతి విద్యార్థీ రాస్తాడు. ఈ అన్వయం పరిషత్తుకు చెల్లినప్పుడు మండలికి ఎందుకు చెల్లదన్న ప్రశ్నకు ఆధారాల కొరత పూర్తి సమాధానం కాదు. ఏది సాహిత్య సంస్థ అన్న ముందస్తు నిర్ణయం అందులో పనిచేసింది.

అచ్చు, ఆధారం

1931లో భాగ్యరెడ్డివర్మ 'భాగ్యనగర్' పత్రికను స్థాపించారు. ఆయన రచన 'వెట్టి మాదిగ' అందులోనే వెలువడింది. హరికథతో మొదలైన ప్రయత్నం పాఠశాల మీదుగా పాతికేళ్లకు పత్రికకూ కథారచనకూ చేరింది. ఈ క్రమం భాషానిలయం క్రమానికి తలకిందులు. అక్కడ చదువరులు ముందే ఉన్నారు. వారికోసం పుస్తకాలు, ఆపై ప్రచురణ, చివరికి ప్రజల దగ్గరకు పోవలసిన ఉద్యమం. ఇక్కడ ప్రజలు ముందు. వారిలోంచి శ్రోతలు, శ్రోతల పిల్లల్లోంచి చదువరులు, ఆ తరువాతే పత్రిక. చిన్న ప్రయత్నాలు ఎదిగే దారి ఒక్కటే కాదని చెప్పడానికి ఒకే నగరంలోని ఈ రెండు చాలు.

సురవరం 1934లో వెలువరించిన 'గోలకొండ కవుల సంచిక'ను ఈ సందర్భంలో మరొకసారి చూడవచ్చు. నిజాం రాష్ట్రంలో తెలుగు కవులు పూజ్యమన్న ఆక్షేపణకు జవాబుగా 354 మంది కవుల రచనలను ఆయన సేకరించారు. తెలియనంత మాత్రాన లేరని తేల్చకూడదన్నది ఆ సంచిక నేర్పిన పద్ధతి. పత్రికా ప్రకటన అందిన ఊళ్ల నుంచి, పద్యం రాసి పంపగలిగినవారి నుంచి ఆ సేకరణ జరిగింది. సంచిక సాధించినది గొప్పదే. రాత్రిపూట వాడలో హరికథ చెప్పినవాడు మాత్రం అటువంటి సేకరణ పద్ధతికి చిక్కడు. అతని కృతికి కాగితం లేదు, పంపడానికి చిరునామా లేదు.

సారస్వత పరిషత్తు 1943 తరువాత నిర్వహించిన ప్రాథమిక, ప్రవేశ, విశారద పరీక్షలు బడిలో తెలుగు దొరకని వేలమందిని సాహిత్యంలోకి తెచ్చాయి. తెలంగాణలో తెలుగు చదువు చరిత్రను అక్కడినుంచి, లేదా 1928లో మాడపాటి స్థాపించిన బాలికల పాఠశాల నుంచి లెక్కించడం రివాజు. ఇసామియా బజార్ బడి వీటిలో మొదటిదానికి ముప్పై మూడేళ్లు, రెండవదానికి పద్దెనిమిదేళ్లు ముందుది.